లా చదివిన పిల్లలకు వకీళ్ళ పరిచయం కావాలి

(సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం బడిపంతులును. కోర్టులో నిలబడి వాదించేవాణ్ణి కాను. అయినా ఈ పొద్దు వకీళ్ళ సంగతి మాట్లాడదలచినాను. ఎందుకంటే మా బడిలో అలిఫ్, బే దిద్దిన పిల్లలే ఇప్పుడు హైదరాబాదుకు, వరంగల్లుకు పోయి లా చదువుతున్నారు. పట్టా పట్టుకొని ఊరికి వస్తున్నారు. వచ్చినంక ఏ దారిన పోవాలో తెలియక మళ్ళీ మా పంతుళ్ళ దగ్గరికే వస్తున్నారు. "మాస్టర్ సాబ్, డాక్టరీ చదివినోనికి దవాఖాన ఉన్నది, బి.ఇడి. చదివినోనికి డి.ఎస్సీ. ఉన్నది. మా పోరడు లా చదివిండు, వానికేమున్నది?" అని తండ్రులు అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చిన్నది. మన లా విద్యార్థులకు తెలివి తక్కువ లేదు, కష్టపడే గుణం తక్కువ లేదు. తక్కువైనది పరిచయం. సంవత్సరానికి ఒక్కరోజు ఈ పిల్లలను, అనుభవం గల వకీళ్ళను ఒకచోట కూర్చోబెట్టే పని మన సంఘం నెత్తికెత్తుకోవలెనని నా మనవి. అది ఎందుకు కావాలో, ఎట్లా చేయవచ్చునో తమ ముందుంచుతాను.

ముందుగా, మన ఊళ్ళకు వకీళ్ళ అవసరం ఎంత ఉన్నదో ఆలోచించండి. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులున్నారు. జగిత్యాల, కోరుట్లలో బీడీలు చుట్టి సంసారం నెట్టుకొచ్చే ఆడవాళ్ళున్నారు. వాళ్ళకు ప్రావిడెంట్ ఫండు కాగితాల్లో పేరు తప్పు పడితే పింఛను ఆగిపోతుంది. మూడు పట్టణాల్లోనూ గల్ఫుకు పోయిన మనిషి లేని గల్లీ ఉండదు. అక్కడ జీతం ఆగినా, మనిషి చనిపోయినా, ఇక్కడి ఇంటిమీద అప్పుల కేసు పడినా ఆ ఇల్లాలు ఎవరి దగ్గరికి పోవాలి? 2005లో దుబాయిలో ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో చిక్కి, సిరిసిల్ల ప్రాంతం వాళ్ళు ఐదుగురు ఏండ్లకేండ్లు జైలులో మగ్గి, చివరకు విడుదలైన సంగతి తమకు తెలిసినదే. వాళ్ళు మన మతంవాళ్ళు కారు, మన ఊరివాళ్ళు. అటువంటి కేసులో దియత్ అంటే ఏమిటి, చనిపోయినవాని వారసుల క్షమాపత్రం ఎట్లా రాయించవలెను అన్నది తెలిసిన వకీలు దగ్గరలో ఉంటే ఆ తల్లులకు ఎంత ధైర్యం!

ఇంకొక అవసరం భూముల కాగితాలు. నిజాం కాలం నాటి సేత్వార్లు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, పాత ఫైసలాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. ధరణి పోయి 2025లో భూభారతి చట్టం వచ్చినా, హక్కుల తగాదా వచ్చినప్పుడు చివరకు ఆ పాత కాగితమే చూపవలసి వస్తుంది. దానిని గడగడా చదవగలవాళ్ళు రోజురోజుకు తగ్గిపోతున్నారు. మన బడిలో చదివినవాడు దానిని కండ్లు మూసుకొని చదువుతాడు. ఇది వాని చేతిలో ఉన్న పనిముట్టు. ఉర్దూలో చదివితే కూడు పెట్టదని నిరాశపడే తండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవలెను. సిరిసిల్ల ప్రాంతపు డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మీడియంలో చదువుకొని తెలుగులో మహాకవి అయ్యారు. ఉర్దూ ఆయనకు అడ్డం కాలేదు.

అయితే ఉర్దూ ఒక్కటే చాలదు. ఇక్కడి కోర్టులో సాక్షి తెలుగులో చెప్తాడు, చట్టం ఇంగ్లీషులో ఉంటుంది. మూడూ రావలెను. మన పిల్లలకు ఒక వెసులుబాటు ఉన్నది. వకాల్తనామా, జమానతు, దస్తావేజు, దాఖలా, జప్తు, ఫైసలా ఇవన్నీ మన ఇంటి మాటలే. కాని జాగ్రత్త కూడా కావాలి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు! ఒక్క మాట తారుమారైతే కేసే తారుమారు. ఇట్లాంటివి పుస్తకంలో దొరకవు, కోర్టులో తిరిగితేనే తెలుస్తాయి.

ఇక పట్టా వచ్చినంక జరిగేది చూద్దాం. లాసెట్ రాసి, మూడేండ్లో ఐదేండ్లో చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం దీనికి రుసుము మొత్తం 750 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 125 రూపాయలు. వేరువేరు రాష్ట్రాల బార్ కౌన్సిళ్ళు వేలకు వేలు తీసుకుంటుంటే, 2024 జులై 30న సుప్రీంకోర్టు చట్టంలో రాసినదానికంటే ఎక్కువ తీసుకోరాదని తీర్పు చెప్పింది. బీదవాని కొడుకుకు ఇది పెద్ద ఊరట. ఆ తరువాత అఖిల భారత బార్ పరీక్ష పాసు కావాలి. అక్కడితో చదువు ముగిసింది.

అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నల్లకోటు వేసుకొని కోర్టు వరండాలో నిలబడితే కక్షిదారుడు తనంత తాను రాడు. వకీలు పత్రికలో ప్రకటన వేసుకోరాదు, నా దగ్గరికి రండని మనుషులను పంపి పని అడుక్కోరాదు. ఇది బార్ కౌన్సిల్ నియమం, వృత్తి గౌరవం కొరకు పెట్టినది. బట్టల దుకాణం పెట్టినవాడు బోర్డు వేసుకుంటాడు, మైకు పెట్టి అరిపిస్తాడు. వకీలుకు ఆ దారి మూసి ఉన్నది. కావున ఈ వృత్తిలో మనిషి పైకి వచ్చేది పెద్ద వకీలు ఆఫీసులో పని నేర్చుకొని, ఆయన వెంట నడిచి, పదిమంది కండ్లలో పడితేనే. ఎవని తండ్రో మామో వకీలు ఐతే వానికి ఆ ఆఫీసు తలుపు పుట్టుకతోనే తెరిచి ఉంటుంది. మగ్గం నడిపేవాని కొడుకుకు, బీడీలు చుట్టే తల్లి బిడ్డకు ఆ తలుపు ఎక్కడున్నదో కూడా తెలియదు. మా బడిలో చదివిన ఒక అబ్బాయి మంచి మార్కులతో లా పాసై, ఏడాదిన్నర ఎవరి ఆఫీసులో చేరాలో తెలియక తిరిగి తిరిగి, ఇప్పుడు జిరాక్సు దుకాణంలో కూర్చున్నాడు. అందరి కోర్టు కాగితాలకు నకళ్ళు తీస్తున్నాడు. వానిని చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

పరిచయంతో పైకి వచ్చుట చిన్నతనమని ఎవరైనా అనవచ్చును. పెద్దవాళ్ళ చరిత్ర చూడండి. బద్రుద్దీన్ తయ్యబ్జీ 1867లో బారిస్టరై వచ్చి, బొంబాయిలో మొట్టమొదటి భారతీయ బారిస్టరుగా పేరు పొందారు. ఆయనకంటే ముందే ఆయన అన్న కమ్రుద్దీన్ సొలిసిటరు అయి ఉన్నారు. దారి చూపేవాడు ఇంట్లోనే ఉన్నాడన్నమాట. గాంధీజీ సంగతి ఇంకా చెప్పుకోదగినది. 1891లో బారిస్టరై వచ్చినంక బొంబాయి చిన్న కోర్టులో మొదటి కేసుకు లేచి నిలబడి, నోట మాట రాక కూర్చుండిపోయారు. రాజ్‌కోట్ పోయి అర్జీలు రాసుకుంటూ ఉన్నారు. అటువంటి సమయాన పోరుబందరుకు చెందిన ఒక ముస్లిం వర్తక సంస్థ, దాదా అబ్దుల్లా కంపెనీ వాళ్ళు ఆయన అన్నగారి ద్వారా కబురు పంపి, 1893లో తమ దావా పని మీద దక్షిణాఫ్రికాకు పిలిపించుకున్నారు. తరువాతి కథ లోకానికి తెలుసు. గాంధీ అంతటివానికీ మొదటి మెట్టు ఒక పరిచయమే వేసింది.

లండన్‌లో బారిస్టరు చదువుకు పాతకాలంలో ఒక పద్ధతి ఉండేది. విద్యార్థి పరీక్షలు రాస్తే చాలకపోయేది, తన ఇన్ భోజనశాలలో లెక్క ప్రకారం ఇన్ని విందులకు హాజరు కావలసి ఉండేది. విద్యార్థులు, బారిస్టర్లు ఒకే హాలులో కూర్చొని తినుట, మాట్లాడుకొనుట కూడా చదువులో భాగమని వాళ్ళు ఎన్నడో గ్రహించారు. ఈనాడు అమెరికాలో ముస్లిం వకీళ్ళకు జాతీయ సంఘమే ఉన్నది. మనం అంత దూరం పోనక్కరలేదు. మన షాదీఖానా చాలు, మన దస్తర్‌ఖాన్ చాలు.

ఇప్పుడే ఎందుకు చేయాలంటారా? నాలుగు కారణాలు చెప్తాను. ఒకటి, కోర్టులు మన ఇంటి దగ్గరికి వచ్చినాయి. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినాయి. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చినాయి. ఇదివరకు జిల్లా కోర్టు పనంటే కరీంనగర్ బస్సెక్కవలసిందే. రెండు, చట్టాలు కొత్తవైనాయి. 2024 జులై 1 నుండి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 2025 నవంబర్ 21న కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమలులోకి వచ్చినాయి. వక్ఫ్ చట్టం కూడా 2025లో మారింది. సెక్షన్ల నంబర్లు ముప్పై ఏండ్ల సీనియరూ కొత్తగా చూసుకోవలసినదే, నిన్న పట్టా తీసుకున్నవాడూ చూసుకోవలసినదే. మూడు, 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చోవాలంటే మూడేండ్ల ప్రాక్టీసు కావలెను. ఇదివరకు కాలేజీ నుండి నేరుగా పరీక్ష రాద్దామనుకున్న పిల్లలు ఇప్పుడు ముందు సీనియరును వెతుక్కోక తప్పదు. నాలుగు, లా కాలేజీ నియమాల ప్రకారం మూడేండ్ల కోర్సువారు కనీసం 12 వారాలు, ఐదేండ్ల కోర్సువారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయవలెను. అంటే చదువుకునే కాలంలోనే వకీలు దగ్గరికి పోయే అవకాశం ఉన్నది. తెలిసిన వకీలు లేక చాలామంది దానిని కాగితం మీద సంతకానికే పరిమితం చేస్తున్నారు.

ఇక సభ ఎట్లా జరగవలెను? నాకు తోచిన పద్ధతి చెప్తాను, పెద్దలు సవరించండి.

మే నెలలో కోర్టులకు వేసవి సెలవులుంటాయి, పిల్లలూ ఊళ్ళకు వస్తారు. ఆ నెలలో ఒక ఆదివారం ఎండ ముదరకముందే, పొద్దున్నే మొదలు పెట్టాలి. ఒక ఏడు జగిత్యాలలో, మరుసటి ఏడు కోరుట్లలో, మూడో ఏడు సిరిసిల్లలో జరపాలి. శాలువాలు, పూలదండలు, ముఖ్య అతిథి గంటన్నర ఉపన్యాసం వద్దు. ఐదుగురు విద్యార్థులకు ఒక వకీలు చొప్పున చాపల మీద గుంపులుగా కూర్చోవాలి. అరగంటకొకసారి పిల్లలు గుంపు మారాలి. ఒక గుంపులో సివిల్, భూమి దావాలు. ఒక గుంపులో క్రిమినల్ పని. ఒకచోట కార్మిక, గల్ఫు కేసులు. ఒకచోట కుటుంబ తగాదాలు. ఒకచోట జడ్జి పరీక్ష, ప్రాసిక్యూటరు పరీక్ష, బ్యాంకు, కంపెనీల లా ఉద్యోగాలు. వకీలు గుమాస్తాలను కూడా తప్పక పిలవాలి. కేసు దాఖలు చేయుట, కోర్టు ఫీజు, నకలు దరఖాస్తు, కంప్యూటరులో ఇ-ఫైలింగు వంటి పనులు గుమాస్తా నేర్పినంత బాగా ఎవరూ నేర్పలేరు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారినీ ఆహ్వానిద్దాం. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, పారిశ్రామిక కార్మికులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. లా విద్యార్థులు అక్కడ పారా లీగల్ వాలంటీర్లుగా పేరు ఇయ్యవచ్చును. పని నేర్చుకున్నట్లూ ఉంటుంది, గల్లీలో బీదవాళ్ళకు సాయం చేసినట్లూ ఉంటుంది.

ప్రతి విద్యార్థి ఒక కాగితం నింపి తేవాలి. పేరు, కాలేజీ, ఏ సంవత్సరం, ఏ భాషలు చదువ రాయ వచ్చును, ఇంటికి దగ్గరి కోర్టు ఏది అని. వకీళ్ళ కాగితం వేరు. ఏ కేసులు చేస్తారు, ఏ నెలల్లో ఒక పిల్లవాణ్ణి వెంట ఉంచుకోగలరు అని. సాయంత్రం ఇంటికి పోయేసరికి ప్రతి విద్యార్థి చేతిలో ఒక వకీలు ఒప్పుకోలు ఉండాలి. సభ జయప్రదమైందా లేదా అన్నది వచ్చిన జనం తలలు లెక్కపెట్టి కాదు, ఎందరికి ఆఫీసు దొరికింది అన్నదానితో తేల్చాలి. మూడు నెలల తరువాత సంఘం కార్యదర్శి రిజిస్టరు తీసి, ఎవరు పోతున్నారు, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని విచారించాలి.

విద్యార్థులకు నా మాట. సీనియరు ముందు నిలబడి ఉద్యోగం ఇయ్యండి అనకండి. "సార్, ఒక నెల మీ ఫైళ్ళు మోయనివ్వండి" అనండి. ఆయనకంటే ముందే ఆఫీసుకు పోండి. వాయిదాల డైరీ రాయండి. కేసు కట్ట ఆసాంతం చదివి, తెలియనిది అడగండి. కక్షిదారుని ఇంటి గుట్టు బయట మాట్లాడకండి.

సీనియర్లకు నా మనవి. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇయ్యవలెనని సిఫారసు చేసింది. అది ఆజ్ఞ కాదు, సిఫారసు మాత్రమే. మన చిన్న కోర్టుల్లో సీనియరుకే ఒక నెల వచ్చి ఒక నెల రాదు, నాకు తెలుసు. కాని బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం మన చేతిలో ఉన్న పనే. అక్కడ తక్కువ పడిన చోట సంఘం పూనుకోవాలి. జకాతు ఎవరికి చెందుతుందో ఉలమాలను అడిగి, మిగిలినది చందాలతో, మొదటి ఏడాది గడిచేవరకు ఒక్కొక్క బీద జూనియరును ఒక్కొక్క ఉన్న ఇల్లు ఆదుకోవచ్చును. పట్టా వచ్చేదాకా ఫీజు కట్టి, పట్టా వచ్చిన మరునాడు చేయి వదిలితే, బావి తవ్వి చేద వేయనట్లే కదా!

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇండ్లల్లో ఆడవాళ్ళకు ఖర్చుల కేసు వచ్చినా, తలాఖు తగాదా వచ్చినా, వాటా తగాదా వచ్చినా మగ వకీలు ముందు నోరు విప్పలేక సగం మాట మింగుతారు. సగం చెప్పిన కేసు సగమే నిలుస్తుంది. అందుకని మనకు మహిళా వకీళ్ళు కావాలి. కేరళలోని పత్తనంతిట్టలో పుట్టిన ఫాతిమా బీవీ 1950లో వకీలుగా చేరి, 1958లో మున్సిఫు అయి, ఒక్కొక్క మెట్టే ఎక్కి 1989లో సుప్రీంకోర్టు మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి అయినారు. ముందు నిలబడ్డది చిన్న ఊరి కోర్టులోనే. సభలో ఆడపిల్లలకు వేరే గుంపు పెట్టి, మహిళా న్యాయవాదులను పిలవాలి. తల్లులు కూడా వెంట రావాలి. బిడ్డ ఎవరి ఆఫీసుకు పోతుందో తల్లి స్వయంగా చూస్తే, ఇంట్లో సగం అభ్యంతరం అక్కడే తీరిపోతుంది.

ఒక ప్రశ్న రావచ్చును. ఇది ముస్లింలకు వేరే బార్ పెట్టినట్లు కాదా అని. కాదు. కోర్టు అందరిదీ, బార్ అసోసియేషన్ అందరిదీ. మన ఊళ్ళలో అనుభవం గల సీనియర్లు చాలామంది హిందూ సోదరులే. వాళ్ళను పిలవకుండా మనలో మనమే కూర్చుంటే మన పిల్లలు నేర్చుకునేది ఏమున్నది? మనం చేసేది తలుపు దగ్గరికి తీసుకపోయి నిలబెట్టుట. లోపలికి పోయినంక వాని పనే వానిని నిలబెట్టాలి. పద్మశాలి పిల్లవాడైనా, దళిత పిల్లవాడైనా లా చదివి దారి తెలియక ఉంటే మన చాప మీద వానికీ చోటుండాలి. రేపు మన జూనియరు దగ్గరికి వచ్చే కక్షిదారులు కూడా అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ అయి ఉండాలి. అప్పుడే వాడు వకీలైనట్లు లెక్క.

మన హైదరాబాదు నుండి జస్టిస్ సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రి గారు 1997 నుండి 2003 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నారు. అంతటివాళ్ళు ప్రతి ఇంటా పుడతారని నేను అనను. నేను కోరేది చిన్నది. మెట్‌పల్లి కోర్టులో, జగిత్యాల కోర్టులో, సిరిసిల్ల కోర్టులో ఒక ముసలి తల్లి సమన్లు పట్టుకొని బెదిరి నిలబడితే, ఆమె భాషలో "అమ్మా, భయపడకు, కాగితం ఇటు ఇయ్యి" అనే వకీలు మన పిల్లల్లోంచి రావలెను.

సభ ముగిసిన తరువాత వాకిలి దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించినాను. మీ ఇంట్లో, మీ గల్లీలో లా చదివేవాళ్ళు, చదివి ఇంట కూర్చున్నవాళ్ళు ఎవరున్నా పేరు, ఊరు రాయించండి. వకీలు సాబులు ఎవరైనా ఒక పిల్లవాణ్ణి వెంట ఉంచుకోగలిగితే ఎదుటి పేజీలో రాయండి. రెండు పేజీలు నిండితే మే నెల సభకు తేదీ పెట్టవచ్చును.